ఊదా ముక్క

ఊళ్ళో అందరూ ఆమెను చక్రమ్మ అనేవారు. అసలు పేరు పెట్టినవాళ్ళకైనా గుర్తుందో లేదో. గోడలకు రంగులు ఎంచి, కలిపి ఇవ్వడం ఆమె పని. ఎవరింటికి వెళ్ళినా చంకలో గుండ్రటి చెక్క ఒకటి ఉండాల్సిందే. పాత పీపా మూత అది. దాన్ని పన్నెండు ముక్కలుగా గీసి, ఎరుపు, పసుపు, నీలం దూరదూరంగా పెట్టి, మధ్యలో వాటి సంతానాన్ని వేసుకుంది.

"పక్కపక్క రంగులు అక్కచెల్లెళ్ళండీ, ఎక్కడైనా సర్దుకుంటాయి. ఎదురెదురువి మొగుడూ పెళ్ళాలు. ఒకరు గోడంతా ఉంటే రెండోవాళ్ళు గుమ్మమంత ఉండాలి. ఇద్దరూ సమానంగా అరిస్తే ఆ ఇంట్లో ఎవరుంటారు చెప్పండి?" అనేది. వినేవాళ్ళు పడీపడీ నవ్వి, ఆమె చెప్పిన రంగే వేయించుకునేవారు.

తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆమే. గోడ గీకడం, లప్పం పెట్టడం, పూత వేయడం వాడి పని. మంచి పనివాడు, కాదనడానికి లేదు. రంగు కలపడం మాత్రం ఆమె వెనకగదిలో ఒక్కతే చేసుకునేది. నేర్చుకోరా అంటే, "నీ చక్రం ఉందిగా అక్కా, అది చూస్తే చాలదూ?" అని తప్పించుకునేవాడు.

ఆ చక్రంలో ఊదా ముక్క ఎప్పుడో ఎండకు వెలిసి తడి బూడిదలా అయిపోయింది. మిగతా ముక్కలు పాతబడగానే పూసుకునేది కానీ దాన్ని ముట్టుకునేది కాదు. ఇళ్ళకు ఊదా అడిగే మారాజు ఎవడు? అవసరమైతే ఆ రంగు ఆమె మనసులో భద్రంగానే ఉంది.

జీవితమంతా వంటగదులకూ మెట్లకూ రంగులు చెప్పిన మనిషికి, ఒకనాడు కొత్త నాటకాల హాలు పని వచ్చింది. "మీరే చూడాలమ్మా," అన్నాడు యజమాని. చక్రమ్మ కాళ్ళు నేలమీద నిలవలేదు. "పసుపు గోడలురా," అంది తమ్ముడితో. "తలుపులకూ తెరకూ దాని ఎదురు రంగు. చూద్దువుగాని, కళ్ళు చెదిరిపోతాయి!"

వారం తిరక్కుండానే వాడు మొహం వేలాడేసుకుని వచ్చాడు. "హాలు పని ఆగిపోయిందట అక్కా." ఆమె నమ్మింది. తమ్ముడు చెబితే నమ్మక ఏం చేస్తుంది? ఆ తర్వాత వాడు దూరంలో ఏదో పని ఉందని పొద్దున్నే పోయేవాడు. ఆమెను పిలిచే ఇళ్ళు కూడా ఎందుకో తగ్గిపోయాయి. రోజులు బాగోలేవనుకుంది.

చివరికి ఆ యజమానే గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. "అమ్మా, పని అయిపోవచ్చింది కానీ హాలు ఏదో రోగమొచ్చినట్టుంది. మీకు చూపు తగ్గి రంగుల తేడా తెలియడం లేదని మీ తమ్ముడు చెప్పాడు, బాధపడ్డాను. అయినా ఒక్కసారి వచ్చి, చెయ్యిపెట్టయినా చూడండి."

చెయ్యిపెట్టి రంగు చూడడం! ఇంకోరోజైతే ఆమె నవ్వి చచ్చేది. ఆగిందన్న పని, తగ్గిందన్న చూపు, పిలవని ఇళ్ళు, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే కాబోలు. చెప్పులేసుకుంది.

హాలు గోడలు నిండు పసుపు. తలుపులూ స్తంభాలూ వేదిక అంచూ మాత్రం తడి బూడిద రంగు. ఆమె అనుకున్న హాలే, మురికినీళ్ళలో ముంచి తీసినట్టుంది. నిచ్చెన పక్కన గోడకు ఆనించి కొత్త చక్రం ఒకటి ఉంది. పన్నెండు ముక్కలు. ఆమె చక్రంలో వెలిసిన ముక్కను వెలిసినట్టే, దాని మీది మచ్చతో సహా దింపాడు తమ్ముడు.

నిచ్చెన దిగిన తమ్ముడు తల ఎత్తలేదు. "ఎన్నాళ్ళు నీ వెనక డబ్బాలు మొయ్యమంటావక్కా?" అన్నాడు నెమ్మదిగా.

"మొయ్యనంటే దింపేదాన్నిరా. నా కళ్ళు పోయాయని ఎందుకు చెప్పావు?"

యజమాని అటూ ఇటూ చూశాడు. "అమ్మా, ఇంతకీ తప్పెక్కడ?"

"ఆ బూడిద ఉన్నచోటల్లా ఊదా ఉండాలి," అంది చక్రమ్మ. "చిక్కటి ఊదా. సాయంత్రానికి కలిపి పంపిస్తాను, వేరేవాళ్ళతో వేయించుకోండి."

తమ్ముడు అప్పుడు తల ఎత్తాడు. "ఊదానా? నీ చక్రంలో బూడిదే కదా ఉంది! అదేదో నీ గుట్టు అనుకున్నాను."

చక్రమ్మ వాడి మొహంలోకి చూసింది. వాడికి నిజంగానే గుర్తులేదు.

"అమ్మ పోయిన ఏడాది, బువ్వ తినకుండా ఏడుస్తుంటే నీ చేతికి కుంచె ఇచ్చాను," అంది. "రాసుకునే ఊదా సిరా తెచ్చి ఆ ముక్క నువ్వే పూశావు. సిరా ఎండకు ఆగదని నాకు తెలుసు. నీ చెయ్యి కదా అని చెరపలేకపోయాను."

ఇంటికొచ్చి ఊదా కలిపింది. హాలుకు పంపాల్సిన డబ్బా పక్కన పెట్టి, గిన్నె అడుగున మిగిలినదాంతో తన చక్రంలో ఆ ముక్కను అంచులదాకా పూసేసింది.