ఉగ్గుగిన్నెడు పాలు

వికారాబాద్ దవాఖానలో పిల్లల వార్డు చూసిన నర్సమ్మ పోయిన ఆదివారం కన్నుమూసింది. మధ్యాహ్నం రైల్లో తాండూరు వచ్చిన చుట్టం ఒకాయన మా ఇంట్లో ఆ కబురు చెప్పాడు. మా అత్త విని, "పోయిందా, పిల్లల కడుపు మాడ్చిన తల్లి!" అంది. నేను ఎప్పటిలాగే నోరు మూసుకున్నాను. ఆ మాట అబద్ధమని తెలిసిన మనిషిని ఇక నేనొక్కదాన్నే మిగిలాను. అందుకే ఇది రాస్తున్నాను.

పోలీసు చర్య అయిన మూడో ఏడు, రెండేళ్ళ నా బిడ్డకు తట్టు పోసింది. మా దిక్కు ఆచారం మీకు తెలిసిందే. పప్పు పెట్టరు, పాలు పట్టరు, గంజినీళ్ళే. నెల దాటినా అత్త పథ్యం విడవనియ్యలేదు. బజారు నిండా కందుల బస్తాలు, నా బిడ్డకు మాత్రం పప్పుకట్టు కూడా లేదు. కాళ్ళూ ముఖమూ ఉబ్బితే ఒళ్ళు చేసిందని మురిసిపోయాం. ఏం తెలివో! చర్మం పొరలు లేచాక గాని వికారాబాద్ రైలెక్కలేదు.

నర్సమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. పాలపొడి, చక్కెర, కాస్త పల్లినూనె కాచిన నీళ్ళలో కలిపి, ముంజేతి మీద చుక్క వేసుకుని వేడి చూసి, నా పక్కనే నేల మీద కూర్చుని ఉగ్గుగిన్నెతో పట్టేది. రెండు గంటలకు ఒక్క గిన్నె. ఏ తల్లి ఏడ్చినా ఇంకో చుక్క పోసేది కాదు. ఉత్త పిసినారిదని మేమంతా చెవులు కొరుక్కునేవాళ్ళం.

"నిప్పు సన్నగున్నప్పుడు మొద్దు పెడితె ఆరిపోతది బిడ్డా. పుల్లలే పెట్టాలె," అనేది. పిల్ల నవ్విందంటే సగం రోగం పోయినట్టే అని కూడా అనేది.

నా బిడ్డ అయిదో రోజు నవ్వింది. నవ్వి, బువ్వ కావాలంది. సగం రోగం పోయింది కదా, మిగతా సగం నేనే పోగొడతాననుకున్నాను. నర్సమ్మ వేరే పిల్ల దగ్గరికి పోయినప్పుడు, ఇంటి నుంచి వచ్చిన గిన్నె విప్పి, నెయ్యి వేసి పప్పన్నం కడుపు నిండా తినిపించాను. ఎంత ఆత్రంగా తిన్నదో నా తల్లి! మధ్యాహ్నానికి ఆయాసం మొదలైంది. పొద్దుగూకక ముందే పోయింది.

పాలు పొయ్యక చంపిందని అత్త దవాఖాన వరండాలో నిలబడి నర్సమ్మను శాపనార్థాలు పెట్టింది. ఆ మాట కుల్కచర్ల దాకా పాకింది. తర్వాత నర్సమ్మ పాలపొడి డబ్బా పట్టుకుని ఊళ్ళకు వస్తే తల్లులు తలుపులు వేసుకున్నారు. ఆ తలుపుల వెనక ఎందరు పిల్లలు పోయారో, ఆ పాపం నాదే.

చాలా ఏళ్ళకు వికారాబాద్ స్టేషన్‌లో నర్సమ్మ కనిపించింది. చంకలో ఉన్న నా చిన్నవాణ్ణి చూసి, పప్పు పెడుతున్నావా అని ఒక్కటే అడిగింది. తల ఊపాను.

నా బిడ్డ పోయిన ఆ రోజు, అత్త ఇంకా దవాఖాన మెట్లెక్కుతోంది. నర్సమ్మ బిడ్డ ముఖం చూసింది, నా చేతులు చూసింది.

"ఎవ్వరికీ చెప్పకు. నువ్వు ఆ ఇంట్లనే బతకాలె," అంది మెల్లగా.

బిడ్డ పెదవుల చివర ఇంకా అంటుకుని ఉన్న పప్పును తన తెల్లచీర కొంగుతో తుడిచింది. వరండాలో తల వంచుకుని ఆ తిట్లన్నీ పడుతున్నంతసేపూ, పచ్చగా మరకైన ఆ కొంగును పిడికిట్లో దాచి పట్టుకునే ఉంది.