జాజు కింద గాటు

భిక్షం మున్సిపాలిటీలో టేపు పట్టే మనిషి. పద్నాలుగేళ్లుగా కాంట్రాక్టు కిందే ఉన్నాడు. పాతబజారు రోడ్డు వెడల్పు చేయాలని తేలినప్పుడు ఇంటింటికీ టేపు లాగి, గోడ ఎందాకా పోతుందో ఎర్రరంగుతో గీత గీసింది అతనే. తిట్లు తిన్నదీ అతనే. ఎవరికీ ఎదురు చెప్పలేదు. మూడేళ్ల కింద బట్టల దుకాణం అంటుకుంటే ఫైరింజను మూలమలుపులో ఇరుక్కుపోయింది. ఆ రోజు బకెట్లతో నీళ్లు మోసినవాళ్లలో అతనొకడు. రోడ్డు కావాలనే అతని మనసు కూడా.

ఆ పొద్దున జేసీబీ నర్సింగమ్మ ఇంటి ముందు ఆగింది. ఆమె ఉన్ని వడికి, గొంగళ్లు అమ్మి బతుకుతుంది. ముందు అరుగు, వెనక ఒక్కటే గది. భిక్షం గీత ప్రకారం నాలుగడుగులు పోవాలి. అంటే అరుగు పోతుంది, గది మిగులుతుంది.

కానీ పక్కగోడ మీద గీత కనిపించడం లేదు. కులదైవం బీరప్ప పండుగకని ముందురోజే ఆమె గోడకు జాజు పూసింది. ముందు నుంచి తొమ్మిదడుగులు పూసేసరికి ఎర్రమన్ను అయిపోయింది. అక్కడ తెల్ల సున్నం మీద ఎర్రటి అంచు నిలువుగా నిలిచింది. డ్రైవర్ ఎల్లస్వామి జేసీబీ పళ్లను సరిగ్గా ఆ అంచు మీదికి దించుతున్నాడు.

"ఎల్లన్నా, ఆగు! అది గీత గాదే, జాజు!" భిక్షం అడ్డం పరుగెత్తాడు.

"జాజో గీజో, నాకేమెరుక? ఎర్రగున్న కాడికి తియ్యమన్నరు."

పని చేయిస్తున్న మున్సిపాలిటీ ఇంజనీరు దగ్గరికొచ్చాడు. "ఏం పెద్దమ్మా, గీత చెరిపితే రోడ్డు ఆగుతదనుకున్నవా?"

"పండుగకు జాజు పుయ్యద్దా సారూ? నీ గీత ఎరుపే, నా జాజు ఎరుపే. పచ్చరంగు పెట్టుకోకపోయినవ్?"

ఎల్లస్వామి నవ్వాడు. ఇంజనీరు నవ్వలేదు. ఎల్లుండితో నెల ఆఖరు. అప్పటికి పని చూపించకపోతే వచ్చిన నిధులు వెనక్కి పోతాయి. వీధిదీపాల బిల్లే కట్టలేని మున్సిపాలిటీ సొంతంగా రోడ్డు వేసేది లేదు. మళ్లీ కొలుద్దామంటే, కొలతలు మొదలుపెట్టే నడిరోడ్డు మేకు తవ్వకంలో ఎప్పుడో లేచిపోయింది.

"నాలుగడుగులే సార్," అన్నాడు భిక్షం.

"సాక్ష్యమేంది? కొలిచిన్నాడు ఆమె పోసిన చల్ల తాగినవట గదా. తియ్యి ఎల్లస్వామీ!"

నర్సింగమ్మ గదిలోకి పోయి గొంగళ్ల మూట మీద కూర్చుంది.

భిక్షం దగ్గర సాక్ష్యం ఉంది. వానకు రంగు పోతుందని, ప్రతి గీత కిందా మోకాలెత్తున ఉలితో గాటు పెట్టడం అతని అలవాటు. ఎవరూ పెట్టమనలేదు, అతనూ ఎవరికీ చెప్పలేదు. పోయిన నెలలో మూలమీది రెండంతస్తుల భవనం గీత రాత్రికి రాత్రి అడుగున్నర రోడ్డు వైపు జరిగింది. దాని గాటు మాత్రం జరగలేదు. ఇక్కడ నోరు విప్పితే ఆ మాట కూడా బయటపడుతుంది.

ఇంజను శబ్దం పెరిగింది.

భిక్షం జేబులోంచి చిన్న మేకు తీసి గోడ ముందు కూలబడ్డాడు. జాజు గీకాడు. ఏమీ లేదు. ఇంకో జానెడు కిందికి గీకాడు. మేకు లోపలికి దిగింది. గాటులో పాత ఎర్రరంగు ఇంకా అంటుకొని ఉంది. గోడ ముందు అంచు నుంచి టేపు పెట్టాడు. నాలుగడుగులు.

ఇంజనీరు వంగి చూశాడు. గొంతు తగ్గించి, "గిట్ల అన్ని గోడలకు కొట్టినవా?" అన్నాడు.

"అన్నిటికి, సార్."

ఇద్దరూ ఒక్కసారే మూలమీది భవనం వైపు చూశారు. ఇంజనీరు చెయ్యి ఊపాడు. జేసీబీ వెనక్కి జరిగింది.

ఆ రోజు అరుగు పోయింది. సాయంత్రం భిక్షం దగ్గర టేపు తీసుకున్నారు. తెల్లారి నుంచి చెత్త ఆటో మీద డ్యూటీ అన్నారు.

మూడోరోజు ఆటో ఆ గల్లీకి వచ్చింది. నర్సింగమ్మ తెగిన గోడ అంచుకు మట్టి మెత్తి, మళ్లీ జాజు పూసింది. అంచున మిగిలిన గాటు చుట్టూ మాత్రం అరచేతి మేర వదిలేసింది.

"గీడ పుయ్యలేదేంది పెద్దమ్మా?"

"మళ్లొచ్చి గీకుతవని, బిడ్డా."

భిక్షం నవ్వుతూ ఆమె చెత్తబుట్ట ఆటోలో గుమ్మరించాడు. ఆటో మూలమీదికి వచ్చింది. రెండంతస్తుల భవనం గోడకు, మోకాలెత్తున, కొత్త సిమెంటు ఇంకా తడిగా ఉంది.