గోడకు మార్కులు వేశాం

చిక్కడపల్లిలో చక్కెర లేని చాయ్ అడిగితే చక్కెర తక్కువేసి ఇస్తారు. అభ్యంతరం చెబితే ఇంకొంచెం తగ్గిస్తారు. ఎవరికి మొరపెట్టుకోవాలో నాకిప్పటికీ తెలియదు.

2012లో నేను అశోక్ నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌కు అడ్మినిస్ట్రేషన్ ఆఫీసర్‌ని. పాత ఇల్లు, కింద క్లాసులు, పైన ఆడపిల్లల హాస్టల్. కింద రెండు గదుల మధ్య గోడ తీసేసి పెద్ద హాలు చేయించమన్నారు డైరెక్టర్ గారు. కాంట్రాక్టర్‌ను ఎంపిక చేసే బాధ్యత నాది.

మాది ఆబ్జెక్టివ్ పరీక్షలకు తర్ఫీదిచ్చే సంస్థ కాబట్టి కాంట్రాక్టర్లకూ అలాంటి పేపరే పెట్టాను. ఒక ఫారం, నూరు మార్కులు: అనుభవం, పనివాళ్లు, పట్టే రోజులు, రేటు. ఖాళీ వదిలితే సున్నా. తప్పు రాస్తే నెగెటివ్ మార్కుల్లేవు. ఈ చివరి నిబంధన ఎంత ఉదారమైనదో అప్పుడు గమనించలేదు.

ఇద్దరు వచ్చారు. సురేందర్ గుమ్మంలోంచే చూసి గళ్లన్నీ నింపాడు. "నాలుగు రోజులల్ల అయిపోతది సార్, పరేషాన్ గాకుండ్రి" అన్నాడు. తొంభై రెండు మార్కులు. మా సెంటర్లో అన్ని మార్కులు ఇంకెవరికీ రాలేదు.

యాదయ్య అనే పెద్ద మేస్త్రి గోడను వేలి కణుపులతో తట్టి, చెవి ఆనించి, "పైన ఎంతమంది పండుకుంటరు?" అని అడిగాడు. పన్నెండు మంది అన్నాను. రోజులు, రేటు గళ్లు ఖాళీగా వదిలి, సంతకం పెట్టి వెళ్లిపోయాడు. ఫెయిల్ చేశాను.

పని మొదలైన రెండో రోజు పొద్దున హాస్టల్ అమ్మాయి కవిత కిందికి వచ్చింది.

"సార్, బాత్రూం తలుపు పట్టేసింది. స్వప్న లోపలున్నది."

"గట్టిగా తోయమ్మా."

"తోసినం సార్. పొద్దుగాల మంచిగనే ఉండె."

తల ఎత్తి చూశాను. తీసేస్తున్న గోడకు పైన, స్లాబు మీద ఒక గీత. పెన్సిల్‌తో గీసినట్టుంది. చూస్తుండగానే పెన్నుతో గీసినట్టయింది.

"అది ఉత్త ప్లాస్టర్ పగులు సార్, ఏం కాదు" అన్నాడు సురేందర్, గేటు బయట నిలబడి.

పైనున్న మిగతా పిల్లలను రోడ్డు మీదికి పంపించి, ఫెయిలైన ఫారంలోని నంబరుకు ఫోన్ చేశాను. యాదయ్య నారాయణగూడలో పనిలో ఉన్నాడు. ఆటోలో ఆరు జాకీలు వేసుకొచ్చాడు. జాకీలంటే స్లాబు కింద పెట్టి మర తిప్పి బిగించే ఇనుప ఊతలు. ఆయన వచ్చేదాకా నేను పైన బాత్రూం తలుపు బయట నిలబడ్డాను. లోపల స్వప్న ధైర్యం కోసం రాజ్యాంగం ఆర్టికల్స్ వల్లెవేస్తోంది. ముప్ఫై రెండో ఆర్టికల్ దాకా విన్నాను. ఒక్క తప్పూ దొర్లలేదు.

"తలుపు గుద్దకుండ్రి. మీరు గూడ కిందికి దిగుండ్రి సార్" అని యాదయ్య కిందనుంచి కేకేశాడు. ఒక్కొక్క జాకీ బిగించుకుంటూ వచ్చాడు. నాలుగోది బిగిశాక పైన తలుపు కిర్రుమంది. స్వప్న మగ్గుతో సహా బయటికి వచ్చింది.

అది లోడ్ బేరింగ్ వాల్, అంటే పై అంతస్తు బరువు మోసే గోడ. దాన్ని కొట్టేసరికి స్లాబు కుంగి పైన తలుపు పట్టేసింది.

"ఫారంలో రోజులెందుకు రాయలేదు యాదయ్య గారూ?" అన్నాను. 'గారు' అదే మొదటిసారి.

"తీయరాని గోడకు రోజులేంది సార్?"

"ఆ మాటే రాయొచ్చు కదా?"

"రాయనీకి మీ కాయితంల గడి ఏది?"

గోడ మళ్లీ కట్టే పని ఆయనకే ఇచ్చాం. ఆ తర్వాత నా ఫారాలన్నిటిలో 'ఈ పని అసలు చేయొచ్చా?' అన్నది మొదటి ప్రశ్న. ఖాళీ వదిలిన వాళ్లకు నేనే ఫోన్ చేసి ఎందుకో అడుగుతాను. గోడ పూర్తయిన రోజు ఆ కొత్త ఫారం యాదయ్యకు కొంత గర్వంగానే చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చివరిదాకా చదివాడు.

"మంచిగున్నది సార్" అన్నాడు. "గోడను చూసుడు ఎప్పుడు నేర్చుకుంటరు?"