పన్నెండు ఛేంజర్లు, ఒక సంతకం

చూడనిదాన్ని చూశామని చెప్పేవాళ్లంటే టేపులక్కయ్యకు చచ్చేంత అసహ్యం. ఎంగిలి కప్పు కనిపిస్తే ముక్కు మూసుకుని అవతలికి జరిగేది. అలాంటి మనిషి కనిపిస్తే మాత్రం జరిగేదీ కాదు, నోరు మూసుకునేదీ కాదు. పోయిన ఏడాది ఆవిడ పోయేదాకా ఆ గుణం మారలేదు.

ఆవిడ పనిచేసిన కంపెనీ బ్యాకప్ సాఫ్ట్‌వేర్ తయారుచేసేది. ఎవరి కంప్యూటర్ ఎప్పుడు మూలపడినా వాళ్ల కాగితాలూ ఫోటోలూ తిరిగి వచ్చేలా ముందే నకలు తీసి దాచే సాఫ్ట్‌వేర్ అది. పెద్ద పెద్ద నకళ్లు టేపుల మీదికి వెళ్లేవి. ఆ టేపులు మార్చడానికి ఛేంజర్ అనే యంత్రం ఉంటుంది. బీరువా అంత పెట్టె, లోపల గూళ్లు, గూటికో టేపు. ఒక ఇనప చేయి కావలసిన టేపును తీసి, దాన్ని చదివీ రాసే డ్రైవులో పెడుతుంది, పని కాగానే మళ్లీ దాని గూట్లో పడుకోబెడుతుంది. ఇరవై ఒక్క ఏళ్లు ఆవిడ ఆ యంత్రాల పక్కనే కుర్చీ వేసుకుని వాటిని పరీక్షించింది. చేయి కదిలే చప్పుడు వింటే చాలు, ఏ గూటి దగ్గర తడబడుతోందో చెప్పేసేది. అసలు పేరు జీతం కాగితంలో తప్ప ఎక్కడా వినిపించేది కాదు.

ఒకసారి భర్త కంటి ఆపరేషన్ కోసం నాలుగు రోజులు సెలవు పెట్టి తిరిగి వచ్చేసరికి, పరీక్ష గదిలో ఛేంజర్లు లేవు. అవి నిలబడ్డ చోట నేల మీద నాలుగేసి కాళ్ల గుర్తులు, వాటి మధ్య కొత్త సోఫా. సోఫాలో స్లైడ్ల బాబు కూర్చుని ఉన్నాడు. కొత్త వెర్షన్‌కి ప్లానింగ్ అంతా అతనిదే. ఏం అడిగినా స్లైడు వేసి చూపిస్తాడని ఆ పేరు.

"పాతసామాను వాడికి ఇచ్చేశామక్కయ్యా. జాగా తినేస్తున్నాయి."

"మరి కొత్త వెర్షన్ దేని మీద పరీక్షిస్తారు బాబూ, ఈ సోఫా మీదా?"

అతను నవ్వి ఒక కాగితం అందించాడు. అందులో పన్నెండు ఛేంజర్ల పేర్లు, వాటి కింద తీసి పెట్టుకునే డిస్కులు నాలుగు రకాలు. అన్నిటికీ ఎదురుగా పచ్చరంగులో 'పనిచేస్తుంది' అని ఉంది. నిజం ఛేంజర్ లేకపోతేనేం, ఛేంజర్‌లా నటించే ప్రోగ్రామ్ ఒకటి రాసుకున్నారట. దాని మీద అన్నీ చక్కగా నడిచాయట.

"మీ సంతకం ఒక్కటే తక్కువ. మన ఖాతాదారు ఆస్పత్రివాళ్లు అడ్డం పడ్డారు. అసలు యంత్రం మీద చూసినవాళ్లు సంతకం పెడితేనే కొంటారట. అసలు యంత్రం చూసింది మా అందరిలో మీరొక్కరే కదా!"

"మీ ఉత్తుత్తి ఛేంజర్‌కి దుమ్ము పడుతుందా?"

"దుమ్మేంటక్కయ్యా? అది ప్రోగ్రామ్."

ఆవిడ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. ఆ చేతిని చీర కొంగుకి రెండుసార్లు తుడుచుకుంది.

సాయంత్రం భర్త గడియారాల కొట్లో స్టూలు మీద కూర్చుని కడుపులోదంతా కక్కేసింది. ఆయన కంటికి ఇంకా పచ్చ గుడ్డ ఉంది. రెండో కంటితో ఒక చేతిగడియారం పొట్ట విప్పి చూస్తున్నాడు.

"దుమ్ము లేకుండా నడిచే గడియారం దొరికితే చెప్పమను మీ బాబుని. కొట్టు మూసేసి నేనూ సోఫా కొనుక్కుంటా" అన్నాడు.

"మీకన్నీ వేళాకోళమే."

"వేళాకోళం కాదు. సంతకం అడిగిన ఆ ఆస్పత్రిలో నీ ఫోన్ తమ్ముడు ఉన్నాడు కదా, వాడి దగ్గర పెట్టె ఉందిగా? వెళ్లి చూసి రా. చూశాక నీ ఇష్టం."

ఫోన్ తమ్ముడంటే ఆ ఆస్పత్రి నేలమాళిగలో టేపులు చూసుకునే మనిషి. ఎనిమిదేళ్లుగా ఏ చిక్కొచ్చినా ఆవిడకే ఫోన్ చేస్తాడు. ఇద్దరూ ముఖాలు చూసుకున్నది మాత్రం ఆ మర్నాడే.

"అక్కా, మీరు పొడుగ్గా ఉంటారనుకున్నా!"

"నువ్వు లావుగా ఉంటావనుకోలేదు నేను. పెట్టె చూపించు."

అతని ఛేంజర్‌లో ఒకే ఒక్క డ్రైవు ఉంది. పన్నెండేళ్లుగా తీసిన రోగుల స్కానింగ్ బొమ్మలు ఆ టేపుల్లోనే ఉన్నాయి, వాటిని చదవగలిగేది ఆ డ్రైవే. అది పోతే అలాంటిది బయట దొరకదు. రోగుల టేపులన్నీ తీయించి బల్ల మీద పెట్టించి, ఖాళీ టేపులు ఎక్కించి, ఆవిడ కొత్త వెర్షన్ నడిపింది.

మొదట బాగానే నడిచింది. తర్వాత ఇనప చేయి చివరి గూటికి వెళ్లింది. ఆ గూట్లో ఉండేది క్లీనింగ్ టేపు. దాని మీద ఏమీ రాయకూడదు. దుమ్ము పట్టినప్పుడు డ్రైవు లోపల టేపును చదివే తలను రుద్ది శుభ్రం చేయడానికే అది. గరుకుగా ఉంటుంది కాబట్టి అవసరమైనప్పుడే వాడాలి. కొత్త సాఫ్ట్‌వేర్‌కి అదేమీ తెలియదు. ఖాళీ టేపే అనుకుని డ్రైవులోకి పంపింది. డ్రైవు తల రుద్దుకుని దాన్ని బయటికి నెట్టింది. టేపు సరిగ్గా కూర్చోలేదనుకుని సాఫ్ట్‌వేర్ మళ్లీ పంపింది. మళ్లీ రుద్దింది. మళ్లీ నెట్టింది.

తొమ్మిదోసారికి ఆవిడ ప్లగ్ పీకేసింది.

"మనం లేకపోతే ఎప్పటిదాకా పంపేదక్కా?" అన్నాడు తమ్ముడు.

"డ్రైవు తల అరిగి చచ్చేదాకా."

మర్నాడు ఆవిడ ఇదంతా చెబితే స్లైడ్ల బాబు తల ఊపాడు.

"ఓస్, అంతేనా! ఆ టేపు తీసేసుకోమని వాడకం పుస్తకంలో ఒక ముక్క రాసేద్దాం."

"తీసేస్తే తుడిచేదెవరు, మీ బామ్మా? సరే, ఈ డిస్కుల సంగతేంటి? ఒకటి తీసి ఇంకోటి పెడితే మీ కొత్త వెర్షన్ ఏమనుకుంటుంది?"

"రెండూ ఒకటే అనుకుంటుంది. అదీ రాసేద్దాం. శుక్రవారం విడుదలక్కయ్యా, ఇప్పుడేం చేయలేం."

తప్పు చేసినందుకు కాదు, అతని ముఖంలో ఒక్క గీతైనా మారనందుకు ఆవిడకు రోత పుట్టింది. పాచిపోయిన పాలు తాగినట్టు ముఖం పెట్టి, కలం తీసి, కాగితంలో ఆస్పత్రి ఛేంజర్ ఎదురుగా 'చూశాను, డ్రైవును చంపుతుంది' అని రాసింది. మిగతా వరసలన్నిటిలోనూ 'చూడలేదు' అని విడివిడిగా రాసి కింద సంతకం చేసింది.

"ఇది పంపితే మన పరువేం కావాలి?"

"ఉంటే కదా."

శుక్రవారం ఖాతాదారులకు కాగితం వెళ్లింది. అది వేరే కాగితం. అంతా పచ్చరంగే, కింద స్లైడ్ల బాబు సంతకం. ఛేంజర్ తలుపు ఎటు తెరుచుకుంటుందో తెలియని మనిషి పన్నెండింటికీ ఒక్క గీతతో పెట్టేశాడు. ఆవిడ దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని బల్ల చివరికి జరిపింది.

మధ్యాహ్నం ఫోన్ తమ్ముడి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. "అక్కా, కాగితం వచ్చింది. మీ చేతిరాత లేదు. మావాళ్లకి చెప్పి వెనక్కి కొట్టించేశా. పాతదే నడుస్తోంది, డ్రైవు కులాసా."

ఆవిడ ముఖం తేటపడలేదు. అతనంటే పక్కన నిలబడి కళ్లారా చూశాడు. ఆ పచ్చ కాగితం ఈపాటికి ఇంకెంతమంది బల్లల మీద ఉందో! వాళ్లకు ఫోన్ అక్కలు లేరు.

సొరుగులోంచి ఛేంజర్లు వాడే ఖాతాదారుల జాబితా తీసింది. స్లైడ్ల బాబు సోఫాలోంచి లేచి వచ్చి, "అక్కయ్యా, వద్దు. ఇలా చేస్తే ఇదే మీకు ఆఖరి వారం అవుతుంది" అన్నాడు. అన్నట్టే అయింది కూడా. ఆవిడ అతనివైపు చూడకుండా మొదటి నంబరు నొక్కింది. అవతల ఎవరో పలికారు.

"నమస్కారమండీ. కొంచెం పెట్టె దగ్గరికి వెళ్లి చెప్తారా, మీ క్లీనింగ్ టేపు ఏ గూట్లో ఉంది?"