ఆ చివరి నాలుగు నిమిషాలు

మా పై వాటాలో పద్దెనిమిదేళ్ళు అద్దెకున్న పెద్దాయన మొన్న గురువారం పోయారు. ఉదయం ఆరుంబావుకు ఆయన కూతురు మెట్లు దిగి వచ్చి, "పెద్దమ్మా, నాయిన లేస్తలేడు" అంది. పైకి వెళ్ళి చెయ్యి పట్టుకుని చూశాను. నిద్రలోనే వెళ్ళిపోయారు. పరామర్శకు వచ్చినవాళ్ళంతా ఆయన మంచితనం చెప్పుకున్నారు. నాకు తెలిసిన సంగతి ఒకటి వాళ్ళెవరికీ తెలియదు. అందులో నా పొరపాటు ఉంది కనుక నేనే రాయాలి.

మాది మధురానగర్. నేను ముప్పై మూడేళ్ళు లెక్కల టీచరుగా పనిచేశాను. ఆయన టెలిఫోన్ శాఖలో కేబుళ్ళు బాగుచేసేవారు. పంజాగుట్ట నుంచి అమీర్‌పేట దాకా భూమిలో పాతిన తీగల్లో తేడా ఎక్కడుందో, రిసీవరు చెవికి ఆనించి ఆ గరగర విని చెప్పేవారట. "గీ చెవులే నాకు అన్నం పెట్టినయి, టీచరమ్మా" అనేవారు.

సామాను దించిన రోజు మంచం కన్నా ముందు పైకెక్కినవి ఒక రికార్డు ప్లేయరు, రెండు చెక్క స్పీకర్లు. ఆ వారం ఆదివారమే ఇల్లు అదిరింది. వంటింట్లో నా స్టీలు గిన్నెలు మోగాయి. పైకి వెళ్ళాను.

"ఏంటండీ ఇది?"

"ఇంగ్లండోళ్ళ బ్యాండు, టీచరమ్మా. జనం ముందట కచేరీ చేస్తుంటే అక్కడికక్కడే రికార్డు చేసిన్రు. జాజ్ రాక్ ఫ్యూజన్ అంటరు. మన కచేరీలెక్కనే, అప్పటికప్పుడు పుట్టిస్తరు. కాకపోతే కరెంటుతోని."

"పాడేవాళ్ళేరీ?"

"గిటారే పాడుతది. జర కూసొని వినుండ్రి."

"పొయ్యి మీద పప్పుంది. ఆదివారం పది నుంచి పదీ నలభై దాకా పెట్టుకోండి. ఆ తర్వాత నాకు చప్పుడు వినపడకూడదు."

"నలభయ్యే ఎందుకు?"

"బళ్ళో పీరియడ్ అంతే ఉంటుంది."

"మరి గంట కూడ కొడతరా?" అని నవ్వారు.

అవసరమైతే కొడతానన్నాను. ఒక్కసారీ అవసరం రాలేదు. ప్రతి ఆదివారం అదే రికార్డు; పదింటికి సూది పడేది, పదీ నలభైకి ఆగేది. వాయింపు మంచి ఊపు మీద పైకి లేస్తుండగా ఠక్కున ఆగిపోయేది. ఆ సంగీతం అలాగే ముగుస్తుందనుకున్నాను. ఇంగ్లండువాళ్ళ పద్ధతి అది కాబోలని సరిపెట్టుకున్నాను.

అన్నేళ్ళు నెత్తిమీద మోగితే దేనికైనా చెవి అలవాటు పడుతుంది. డ్రమ్ములు ఒంటరిగా మొదలయ్యాయంటే నేను పప్పు దించాలని గుర్తు. ఒకరోజు మెట్ల దగ్గర కనిపిస్తే, "ఒకచోట గిటారాయన తడబడ్డాడు కదండీ?" అని అడిగాను. ఆయన ముఖం వెలిగిపోయింది.

"పట్టిన్రా? గా తప్పును తీసెయ్యలే సూడుండ్రి. జనం ముందట చేసింది జనం ముందటనే ఉండాలె."

జీవితమంతా ఎర్ర సిరాతో తప్పులు కొట్టేసిన నాకు ఆ మాట నచ్చలేదు. ఆయన వాదించలేదు.

నిరుడు ఆయనకు ఎడమ చెవి పోయింది. కుడి చెవి కూడా ఎక్కువ రోజులు ఉండదని సోమాజిగూడ డాక్టరు చెప్పారు. వినికిడి మిషను పెట్టుకుంటే మాట తెలుస్తోంది గానీ సంగీతం రేకు డబ్బా కొట్టినట్టుందని ఆయన దాన్ని తీసి పెట్టేశారు. పోయిన నెల ఒక శనివారం సాయంత్రం వచ్చి మా గుమ్మంలో నిలబడ్డారు.

"టీచరమ్మా, రేపు ఒక్క నాలుగు నిమిషాలు ఎక్కువియ్యాలె."

"దేనికండీ?"

"రికార్డు రెండు దిక్కులు కలిపితే నలభై నాలుగు. ఆఖరి నాలుగు నిమిషాలు గీ ఇంట్ల ఎన్నడూ వినలే. చెవి మొత్తం పోకముందు ఒక్కసారి వింట."

"రెండో వైపు నుంచి మొదలుపెట్టుకోవచ్చుగా?" అన్నాను, ఆయన చెవి దగ్గరగా.

"కచేరీకి నడుమల పోతరా ఎవలన్న?"

"నేను ఊళ్ళో లేనప్పుడైనా వినాల్సింది."

"మీరు లేరని మాట తప్పుతమా?"

"నాతో ఒక్క ముక్క చెప్పచ్చుగా!"

"మీరు అడిగిన్రా?" అన్నారు. అందులో నిష్ఠూరం లేదు. ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

మర్నాడు వంట త్వరగా ముగించుకుని పది కాకముందే పైకి వెళ్ళి కూర్చున్నాను. అక్కడ కూర్చుని వినడం అదే మొదటిసారి. ఎంత కావాలంటే అంత పెంచుకోండన్నాను. ఎదురు హాస్టల్లో కిటికీలు తెరుచుకున్నాయి. ఆయన కుర్చీ జరుపుకుని కుడి చెవి స్పీకరు చెక్కకు ఆనించారు.

పదీ నలభై అయింది. ఆయన చెయ్యి అలవాటుగా సూది వైపు వెళ్ళింది. ఆ చెయ్యి పట్టుకుని ఆపాను.

నేను ప్రతివారం తెగిపోవడమే విన్న ఆ ఊపు ఈసారి పైదాకా వెళ్ళింది. వెళ్ళి, అక్కడి నుంచి దిగడం మొదలుపెట్టింది. డ్రమ్ములు తప్పుకున్నాయి. కీబోర్డు తప్పుకుంది. చివరికి గిటారు ఒక్కటే, అదీ చాలా చిన్నగా మిగిలింది. ఎంత పెంచినా అది గుసగుస కన్నా పైకి రాలేదు. ఆయన కళ్ళు తెరిచారు. ఇంత చిన్న సంగీతాన్ని అందుకునే శక్తి ఆ చెవికి లేదని నాకు అర్థమైంది.

"ఆగిందా?" అన్నారు.

లేచి వెళ్ళి ఆయన చెవి దగ్గర వంగాను. "లేదండీ. గిటారు ఒక్కటే ఉంది. మెల్లగా వాయిస్తున్నాడు. రెండు మెట్లు పైకి వెళ్ళి ఒకటి దిగుతోంది. మళ్ళీ రెండు." నాకు సంగీతం రాదు. వచ్చిన మాటలతోనే చెప్పాను. నేను చెప్పే లోపలే ఆయన తల ఊగుతోంది.

"జనం చప్పట్లు కొట్టలే కదా ఇంక?"

"లేదు."

"కొట్టరు. ఆఖరి తీగ మొత్తం చల్లారేదాంక ఒక్కలు కొట్టరు. గంత మంచి జనం" అని చూపుడు వేలు గాలిలోకి ఎత్తి పట్టుకున్నారు.

తీగ సన్నగిల్లింది. ఇంకా సన్నగిల్లింది. నాకూ వినపడడం మానేసింది. వేలు గాలిలోనే ఉంది.

ఆయన వేలు దించారు. సరిగ్గా అప్పుడే స్పీకర్లలోంచి చప్పట్లు విరుచుకుపడ్డాయి.