కాళ్ళు యాడున్నయ్?

కరోనాకు ముందు సంవత్సరం నన్ను మాచర్ల డివిజన్‌లో, దుర్గి వైపు ఒక సెక్షన్‌కు అసిస్టెంట్ ఇంజనీరుగా వేశారు. విద్యుత్ శాఖలో సెక్షన్ ఏఈ అంటే కొన్ని ఊళ్ళ స్తంభాలు, తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు, వాటి మీద పనిచేసే లైన్‌మన్లు, కరెంటు పోయినప్పుడు జనం పెట్టే తిట్లు అన్నీ ఒక్కడి నెత్తిన ఉండటం. సబ్‌స్టేషన్ పేరు మాత్రం రాయను. అక్కడ నాతో పనిచేసినవాళ్ళు ఇంకా ఉద్యోగాల్లో ఉన్నారు. నేను రిటైరై నరసరావుపేటలో ఉంటున్నాను. కొత్త ఫోను కొన్నప్పుడల్లా నాకు ఆ సెక్షన్‌లో జరిగిన ఒక సంగతే గుర్తొస్తుంది.

ముందు మా పని పద్ధతి కాస్త చెప్పాలి. సబ్‌స్టేషన్ నుంచి కొన్ని ఊళ్ళకు వెళ్ళే పదకొండు వేల వోల్టుల లైనును ఫీడర్ అంటాం. దాని మీద పని చెయ్యాలంటే లైన్‌మన్ ముందుగా సబ్‌స్టేషన్‌లోని షిఫ్ట్ ఆపరేటర్‌ను 'లైన్ క్లియర్' అడగాలి. వాడుకలో ఎల్‌సీ అంటాం. ఆపరేటర్ ఆ ఫీడర్‌కు కరెంటు ఇచ్చే బ్రేకర్ ఆపి, యార్డులో చేత్తో దించే ఏబీ స్విచ్ దించి, దాని హ్యాండిల్‌కు తాళం వేసి, అప్పుడు 'ఇచ్చాను' అని చెప్పాలి. పని అయ్యాక లైన్‌మన్ కిందికి దిగి, మనుషులూ సామానూ లైన్‌కు దూరంగా ఉన్నట్టు చూసుకుని, ఎల్‌సీ తిరిగి అప్పగించాలి. తీసుకున్నవాడే అప్పగించాలి. ఈ రెండింటి మధ్యా లైన్‌మన్ ప్రాణం ఆపరేటర్ చేతిలో ఉంటుంది. ఇది మాటవరసకు అంటున్నది కాదు.

మొదట్లో ఇదంతా బటన్ల ఫోన్ల మీద నడిచేది. ఆ ఫోనంటే నాకు ఇప్పటికీ గౌరవం. స్తంభం మీద నుంచి జారిపడితే మూత ఒకచోట, బ్యాటరీ ఒకచోట, మిగతాది ఒకచోట పడేది. ఏరుకొచ్చి బిగిస్తే మళ్ళీ మోగేది. చార్జింగ్ పెట్టడం మరిచిపోయినా రోజుల తరబడి బతికేది. చొక్కా జేబులో పట్టేది కనుక లైన్‌మన్ పైకి ఎక్కినా ఫోను అతనితోనే ఉండేది.

నేను వెళ్ళేనాటికే ఆ సబ్‌స్టేషన్‌లో ఒక అలవాటు పాతుకుపోయి ఉంది. ఎల్‌సీ తిరిగి తీసుకునేటప్పుడు ఆపరేటర్ చివరగా "కాళ్ళు యాడున్నయ్?" అని అడిగేవాడు. లైన్‌మన్ "నేల మీదున్నయ్" అనాలి. ఆ మాట అతని గొంతుతో విన్నాకే హ్యాండిల్ తాళం తీసేవాళ్ళు. రూల్సులో ఇది ఎక్కడా లేదు. చాలా ఏళ్ళ కిందట అక్కడ ఒక లైన్‌మన్ స్తంభం మీద ఉండగానే లైన్‌లోకి కరెంటు వదిలారు. అతను బతకలేదు. ఆ రోజు డ్యూటీలో ఉన్న ఆపరేటర్, తను రిటైరయ్యేదాకా, ప్రతి ఒక్కరినీ ఆ ప్రశ్న అడిగాడట. అతని దగ్గర పని నేర్చుకున్నవాడు సుభానీ. నా కాలంలో పగటి షిఫ్ట్ ఆపరేటర్ అతనే. మొదటిసారి ఆ ప్రశ్న విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. సంగతి తెలిశాక మళ్ళీ నవ్వలేదు.

తర్వాత మా లైన్‌మన్లందరి చేతుల్లోకీ టచ్ ఫోన్లు వచ్చాయి. ఎల్‌సీ అడగడం, ఇవ్వడం, అప్పగించడం అన్నీ వాట్సాప్ గ్రూపులో రాయాలని, పనికి ముందూ తర్వాతా ఫొటో పెట్టాలని పై ఆఫీసు నుంచి ఆదేశం వచ్చింది. నేను ఆ పద్ధతిని తప్పుపట్టను. ఎవరు ఎప్పుడు ఏం అడిగారో అందరికీ కనబడేది. 'నేను చెప్పాను', 'నువ్వు చెప్పలేదు' అనే పంచాయతీలు తగ్గాయి. తీగను స్తంభానికి తాకకుండా పట్టి ఉంచే ఇన్సులేటర్ పగిలితే ఆ ఫొటో చూసి నేను ఆఫీసు నుంచే సామాను పంపగలిగేవాణ్ణి. కానీ మెసేజి చదివేవాడు ఎవరిని అడుగుతాడు? ఆ చివరి ప్రశ్న మెల్లగా వాడుకలోంచి జారిపోయింది. దాన్ని మానెయ్యమని ఎవరూ చెప్పలేదు.

టచ్ ఫోను లైన్‌మన్ల పనికి అంతగా కుదరలేదు కూడా. రబ్బరు గ్లవుజుతో తాకితే పలకదు. ఎండలో తెర కనబడదు. జేబులోంచి పడితే అద్దం పగులుతుంది. అందుకని ఫోనును బండి ట్యాంకు కవర్లో పెట్టి స్తంభం ఎక్కేవాళ్ళు. మా సీనియర్ లైన్‌మన్ ఏసోబు అయితే మరీ జాగ్రత్త. నర్సుగా చేరిన కూతురు కొనిచ్చిన ఫోను అది. దాన్ని ముందు జేబురుమాల్లో చుట్టి, ఆ తర్వాత కవర్లో పెట్టేవాడు. సుభానీ ఆ ఫోనును "పసిబిడ్డ" అని ఏడిపించేవాడు.

నా సొంత ఫోను చేసిన ఒక పని కూడా ఇక్కడే చెప్పాలి. ఆ మధ్య శ్రీశైలం వెళ్తూ ఎర్రగొండపాలెం దాటాక, అడవిలో సిగ్నల్ లేనిచోట, 'బస్సులో ఉన్నాను, భోజనం అయింది' అని నా భార్యకు మెసేజి పెట్టాను. వెళ్ళలేదు. పక్కన గడియారం గుర్తు తిరుగుతూ ఉండిపోయింది. ఇంటికి తిరిగి వచ్చేదాకా నెట్ ఆపే ఉంచాను. మరునాడు ఇంట్లో పీట మీద కూర్చుని అన్నం తింటూ నెట్ ఆన్ చేశాను. ఎదురుగా వడ్డిస్తున్న ఆవిడ ఫోను మోగింది. "తమరు బస్సులో ఉన్నారంట, భోజనం కూడా అయిందంట. మరి ఈ కంచం ఎవరిది?" అని గిన్నె వెనక్కి తీసుకుంది. ఆ రోజంతా నవ్వుకున్నాం.

ఎండలు ముదిరాక ఒక సాయంత్రం గాలివాన వచ్చింది. మా సెక్షన్‌లో చాలా స్తంభాలు ఒరిగాయి, ఇన్సులేటర్లు పగిలాయి, చెట్ల కొమ్మలు తీగల మీద పడ్డాయి. మా ఫీడర్లలో ఒకదాని మీదే మంచినీళ్ళ పథకం మోటార్లు ఉన్నాయి. కరెంటు లేక పై ట్యాంకులు ఎండిపోయాయి. రెండో రోజుకు జనం ఖాళీ బిందెలు ట్రాక్టర్‌లో వేసుకుని సబ్‌స్టేషన్ ముందుకు వచ్చారు. వాళ్ళతో సర్పంచ్ గారు కూడా వచ్చారు. నేను, సుభానీ లోపల ఉన్నాం. ఆ ఫీడర్ మీద ఒక్క ఎల్‌సీయే మిగిలి ఉంది. అది ఏసోబుది. ఇన్సులేటర్ మార్చడానికి పొద్దున అతను ఫోన్ చేసి తీసుకున్నాడు, సుభానీ గ్రూపులో రాశాడు.

మధ్యాహ్నం గ్రూపులో ఏసోబు పేరుతో మెసేజి వచ్చింది. 'ఎల్‌సీ రిటర్న్. మనుషులు క్లియర్. లైన్ చార్జ్ చెయ్యొచ్చు.' చార్జ్ చెయ్యడమంటే కరెంటు వదలడం. సుభానీ పైకి చదివాడు. బయట కిటికీ దగ్గరున్న వాళ్ళు విన్నారు. బిందెలు చప్పుడు చేశాయి. సుభానీ తాళంచెవి తీసుకుని యార్డులోకి నడిచాడు.

ఆ వెంటనే నా ఫోనులో ఏసోబు నుంచే ఒక ఫొటో వచ్చింది. తెరిస్తే పగిలిన ఇన్సులేటర్. మార్చినది కాదు, మార్చవలసినది. పనికి ముందు పెట్టే ఫొటో, పని అయిందన్న మెసేజి తర్వాత వచ్చింది. సిగ్నల్ బాగాలేక ఆలస్యమై ఉంటుందనుకున్నాను. మరి ఫొటో ఆలస్యమైతే మెసేజి మాత్రం ఎందుకు కాకూడదు? అప్పుడు నాకు మా ఇంట్లో వెనక్కి పోయిన గిన్నె గుర్తొచ్చింది. కిటికీలోంచి సుభానీని కేకేసి ఆపాను. అతను అప్పటికే హ్యాండిల్ దగ్గర ఉన్నాడు, తాళం ఇంకా తియ్యలేదు.

ఏసోబుకు ఫోన్ చేయించాను. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ మోగింది, ఎత్తలేదు. సాయంగా వెళ్ళిన అసిస్టెంట్ లైన్‌మన్ ఫోను అసలు కలవలేదు. సుభానీ మెల్లగా, "బండి మీదుంటాడు సార్. తిరిగొస్తా ఉంటాడు," అన్నాడు. అది కాదనడానికి లేదు. పని ముగించి బండి నడుపుతున్నవాడు ఫోను ఎత్తడు. స్తంభం మీదున్నవాడూ ఎత్తడు. ఒకే మోత, రెండు అర్థాలు. సర్పంచ్ గారు లోపలికి వచ్చి, మెసేజి అందరూ చూశారు గదా, ఇంకా దేనికి ఆగడం, పై అధికారులతో మాట్లాడమంటారా అని అడిగారు. ఆయన వెనక నుంచి ఒక పెద్దావిడ గొంతు గట్టిగా వినబడింది.

"ఏందయ్యా, పోన్లో వచ్చిందంటన్నారు గదా! పిల్లోళ్ళకి తాగను చుక్క నీళ్ళు లేవు. ఎయ్యకూడదా కరెంటు?"

ఆమె మాటలో తప్పు లేదు. చార్జ్ చేస్తే గ్రూపులో మెసేజి ఉంది కనుక రేపు నన్నెవరూ అడగరు. చెయ్యకపోతే మాత్రం అడిగేవాళ్ళు వాకిట్లోనే ఉన్నారు. నేను సుభానీ దగ్గర తాళంచెవి తీసుకుని నా జేబులో వేసుకున్నాను. నేను స్వయంగా ఫోన్ చేసేదాకా, ఎవరు చెప్పినా బ్రేకర్ ముట్టుకోవద్దని చెప్పి బండి తీశాను. జనం దారి ఇచ్చారు కానీ మంచి మాటలతో ఇవ్వలేదు.

పని జరుగుతున్న చోటు దూరమేమీ కాదు. కానీ ఆ దారిలో నేను పడ్డ భయం నా సర్వీసు మొత్తంలో ఇంకెప్పుడూ పడలేదు. ఎదురుగా ఏసోబు బండి మీద వస్తే బాగుండునని, అప్పుడు సర్పంచ్ గారితో ఎన్ని మాటలు పడ్డా ఫరవాలేదని అనుకుంటూ వెళ్ళాను. ఎవరూ ఎదురు రాలేదు. మిరప చేల మలుపు తిరగగానే స్తంభం కనబడింది. పైన తీగలు మోసే అడ్డ కమ్మీ, క్రాస్ ఆర్మ్ మీద ఏసోబు ఉన్నాడు, రెండు చేతులతో తీగను పట్టుకుని. కింద బండి ట్యాంకు కవర్లో ఫోను మోగుతోంది. సుభానీ ఇంకా చేస్తూనే ఉన్నాడు. తీగను భూమికి కలిపే డిశ్చార్జి రాడ్లు బండికి కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. అవి లైనుకు తగిలించి ఉంటే పొరపాటున కరెంటు వచ్చినా లైన్ ట్రిప్ అయి తనంతట తానే ఆగిపోయేది. ఆ అడ్డు కూడా లేదు.

నేను కేకలు వెయ్యలేదు. పైనున్న మనిషిని ఉలిక్కిపడేలా చెయ్యకూడదు. పని ఆపి నెమ్మదిగా దిగమన్నాను. దిగాక మెసేజి చూపించాను. అతను చదివాడు.

"నేను పంపలా సార్. ఇది నిన్నటిది," అన్నాడు.

జేబురుమాల విప్పి తన ఫోను తీశాడు. ముందురోజు సాయంత్రం ఇంకో చోట పని ముగించి, కొండ కింద సిగ్నల్ లేనిచోట ఆ మెసేజి కొట్టాడు. వెళ్ళలేదు. రోడ్డు మీదికి వచ్చాక ఫోన్ చేసి నోటితోనే ఎల్‌సీ అప్పగించాడు. ఊళ్ళో కరెంటు లేదు, చార్జింగ్ పెట్టుకునే వీలు లేదు. బ్యాటరీ మిగలాలని నెట్ ఆపేశాడు. ఈ రోజు ఫొటో పంపడానికి నెట్ ఆన్ చేసి, సిగ్నల్ లేకపోయినా పంపే గుర్తు నొక్కి, ఫోను కవర్లో పెట్టి ఎక్కాడు. అతను పైనుండగా ఎప్పుడో సిగ్నల్ వచ్చింది. నిన్నటి మెసేజి ముందు వెళ్ళింది, ఇవాళ్టి ఫొటో వెనక వెళ్ళింది. అతని ఫోనులో ఆ మెసేజి కింద నిన్నటి సాయంత్రం టైము ఉంది. మా ఫోనుల్లో ఇవాళ్టి మధ్యాహ్నం టైము ఉంది. రెండు ఫోన్లూ సరిగ్గానే పనిచేశాయి.

సుభానీకి ఫోన్ చేసి, మెసేజి వచ్చినప్పుడు మనిషి పైనే ఉన్నాడని చెప్పాను. అతను ఫోను పెట్టేశాడు.

ఏసోబు గట్టు మీద కూర్చుని నీళ్ళు తాగి, "మా పాప కొనిచ్చింది సార్," అన్నాడు. రాడ్లు రెండు వైపులా నేనే దగ్గరుండి వేయించాను. వాటి గురించి అతన్ని తిట్టవలసింది చాలా ఉంది, తర్వాత రోజు తిట్టాను. అసిస్టెంట్ లైన్‌మన్ కొమ్మలు నరకడానికి అవతలి దిబ్బ కిందికి వెళ్ళాడట, వచ్చాడు. ఏసోబు మళ్ళీ ఎక్కి ఇన్సులేటర్ మార్చి, దిగి, రాడ్లు తీసేశాడు. నేను తాళంచెవితో సబ్‌స్టేషన్‌కు తిరిగి వెళ్ళాక ఫోన్ చేశాడు. సుభానీ స్పీకర్ ఆన్ చేశాడు. ఏసోబు ఫీడర్ పేరు, తన పేరు, మనుషులు క్లియర్ అని పద్ధతి ప్రకారం చెప్పాడు. సుభానీ ఫోను మీదికి వంగాడు.

"ఏసోబన్నా, కాళ్ళు యాడున్నయ్?"

"నేల మీదున్నయ్ రా సుభానీ. రెండూ నేల మీదున్నయ్."

సుభానీ తాళం తీసి, స్విచ్ ఎత్తి, బ్రేకర్ వేశాడు. ఆ తర్వాత అక్కడే కుర్చీలో కూర్చుని మొహం తువ్వాలుతో కప్పుకున్నాడు. బయట ఆ పెద్దావిడకు ఎవరో సంగతి చెప్పినట్టున్నారు. కిటికీ దగ్గరికి వచ్చి, "మా పేట ఏసోబా అయ్యా పైనుంది? నాకు తెలిస్తే అట్టా అడుగుతానా!" అని ఏడ్చింది. తెలియకే కదా అడిగిందని నేను చెప్పాను.

జరిగింది జరిగినట్టు పై ఆఫీసుకు రాశాను. గ్రూపు ఉండనివ్వమని, కానీ ఎల్‌సీ అప్పగించడం మాత్రం గొంతుతోనే జరగాలని కోరాను. జవాబు రావడం ఆలస్యమైంది. దానికోసం ఆగకుండా మా సెక్షన్‌లో ఆ మర్నాటి నుంచే అమలు చేశాం. నేను రిటైరయ్యేదాకా అక్కడ ఆ ప్రశ్న అడగకుండా ఎవరూ తాళం తియ్యలేదు.

ఇప్పుడు నా చేతిలో ఉన్న ఫోను వెనక మూడు కెమెరాలున్నాయి. అది నా నాడి కూడా చూస్తుందట. నా భార్య సత్తెనపల్లిలో చెల్లెలి ఇంటికి వెళ్ళినప్పుడు 'చేరాను' అని మెసేజి పెడుతుంది. నేను వెంటనే ఫోన్ చేస్తాను. "మెసేజి పెట్టాను కదండీ," అని విసుక్కుంటుంది. ఆ విసుగు వింటే నాకు చాలు, పెట్టేస్తాను. మెసేజి పంపిన మనిషి దాన్ని రాసినప్పుడు ఎక్కడున్నాడో మాత్రమే మనకు తెలుస్తుంది. ఇప్పుడెక్కడున్నాడో తెలియాలంటే అతన్నే అడగాలి, జవాబు వినేదాకా ఆగాలి.