లింకు అడిగే అమ్మాయి

హాలియాలో మా మేడ మీద తండ్రితో కిరాయికి ఉన్న అమ్మాయి ఎవరికి ఫోన్ చేసినా "జర ఒక్క లింకు ఇయ్యుండ్రి సార్" అనేది. దుకాణాల వెబ్‌సైట్లకు వేరే సైట్ల నుంచి లింకులు సంపాదించడం ఆమె పని. లింకులు పెరిగితే, ఎవరైనా నెట్‌లో వెతికినప్పుడు ఆ దుకాణం పేరే మొదట కనబడుతుందట.

వాళ్ల బాపు మతిమరుపు ముదిరి ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. దసరా నాడని అందరూ అంటారు గానీ, ఆ మరునాడు. నాకు తారీఖులు తప్పవు. ఆమె ఆయన ఫొటోతో ఒక పేజీ పెట్టి, ఈసారి దానికోసం లింకులు అడిగింది. వార్తల సైట్లను, దవాఖానలను, కాలేజీలను బతిమాలింది. ఎవరైనా విసుక్కుంటే "తిట్టుండ్రి సార్, తిట్టినంక లింకు ఇయ్యుండ్రి" అనేది. సంక్రాంతి వచ్చేసరికి, మా దిక్కు తప్పిపోయినవాళ్ల కోసం ఎవరు వెతికినా ఆ పేజీయే మొదట వచ్చేది. రోజూ తెరిచి నాకు చూపించేది.

శివరాత్రికి రెండు రోజుల ముందు ఆయన శవం కాలువలో దొరికింది. ఒంటి మీద ఆమె కుట్టించిన చొక్కాయే ఉంది.

పెద్దకర్మ మరునాడు ఆమె మళ్లీ ఫోన్లు చేస్తోంది. బాపు ఫొటో ఉన్న పేజీని చెరపబుద్ధి కాక, దానికి ఇచ్చిన లింకులు తీసేయమని ఒక్కొక్కరినీ అడుగుతోంది.

"ఉండనియ్యి బిడ్డా, ఎవలకేం నష్టం?" అన్నాను.

"వద్దవ్వా. ఎవలన్న అది చూసి, మీ బాపు కట్టంగూర్ల కనబడ్డడని ఫోన్ చేస్తే, నేను మళ్ల నమ్ముత."